విమానం కొన్నాక స్టేట్‌కి మళ్ళీ రిజిస్ట్రేషన్ ఏంటి? వాషింగ్టన్, ఒరెగన్ వాళ్ళు చెప్పండి

రెక్కల_రవి
పోర్ట్‌లాండ్ దగ్గర ఒక పెద్దాయన దగ్గర పాత సెస్నా 172 కొన్నాను. బిల్ ఆఫ్ సేల్, రిజిస్ట్రేషన్ ఫారం, 5 డాలర్ల ఫీజు ఓక్లహోమా సిటీలో ఉన్న ఎఫ్ఏఏ (ఫెడరల్ విమానయాన సంస్థ) రిజిస్ట్రీకి పంపేశాను. నేను ఉండేది సియాటిల్ పక్కన. ఇక్కడ టైడౌన్ (విమానాన్ని తాడుతో కట్టి నిలిపే చోటు) అడిగితే ఎయిర్‌పోర్టు ఆఫీసులో ఆవిడ "స్టేట్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించు, అప్పుడే లీజు" అంది. ఎఫ్ఏఏ దగ్గర రిజిస్టర్ అయిన విమానానికి మళ్ళీ వాషింగ్టన్ స్టేట్ ఏంటి? పైగా ఆ ఫారంలో సేల్స్ ట్యాక్స్ ఎక్కడ కట్టావని అడుగుతున్నారు. ఒరెగన్‌లో సేల్స్ ట్యాక్సే లేదు కదా, ఏం రాయాలి? ఇంకో మాట, పైలట్‌గా నేను కూడా విడిగా స్టేట్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని ఒకాయన భయపెట్టాడు. నిజమేనా?

ప్లేనో_పైలట్
టెక్సాస్ వచ్చెయ్ అన్నా. స్టేట్ రిజిస్ట్రేషన్ లేదు, పైలట్ రిజిస్ట్రేషన్ అసలే లేదు.

చలపతి_సెస్నా
రవీ, కంగారు పడకు. ఎఫ్ఏఏది ఒక లెక్క, స్టేట్‌ది ఇంకో లెక్క. ఎఫ్ఏఏ చూసేది ఈ విమానం ఎవరిది, ఏ దేశానిది అని. ఆ రిజిస్ట్రేషన్ ఇదివరకు మూడేళ్లు ఉండేది, 2023 నుంచి ఏడేళ్లు చేశారు. స్టేట్ చూసేది విమానం ఎక్కడ ఉంటోంది, దాని మీద పన్ను కట్టావా లేదా అని. వాషింగ్టన్‌లో ఇది ఏటా జనవరిలో చేసే పని. 15 డాలర్లు రిజిస్ట్రేషన్ ఫీజు, దానికి తోడు ఎక్సైజ్ పన్ను. విలువను బట్టి కాదు, రకాన్ని బట్టి వేస్తారు. సింగిల్ ఇంజిన్‌కి ఒక రేటు, రెండు ఇంజిన్లున్న ట్విన్‌కి ఒకటి, జెట్‌కి ఒకటి. 172కి రెండూ కలిపినా పెద్ద మొత్తం కాదు, ఒక్కసారి ట్యాంకు నింపితే అయ్యే ఖర్చు కంటే తక్కువే.

ఎయిర్‌పోర్టావిడ మీద కోపం వద్దు. ఊరి ఎయిర్‌పోర్టయినా పోర్టు వాళ్ళ ఎయిర్‌పోర్టయినా హ్యాంగర్, టైడౌన్ ఇచ్చే ముందు రిజిస్ట్రేషన్ రుజువు అడగాలని ఇక్కడ చట్టంలోనే ఉంది. ఆవిడ అడక్కపోతే ఆవిడకే ఇబ్బంది.

పైలట్‌గా నువ్వు వాషింగ్టన్‌లో విడిగా ఏమీ కట్టక్కర్లేదు. ఆ భయపెట్టినాయన ఒరెగన్ వాడై ఉంటాడు.

హిల్స్‌బరో_సుధ
ఒరెగన్‌దాన్ని నేను చెప్తాను. మా దగ్గర పైలట్ రిజిస్ట్రేషన్ నిజంగానే ఉంది. ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఉన్నా సరే, ఒరెగన్‌లో కాపురం ఉండి ఎగిరేవాళ్ళు సేలంలోని ఏవియేషన్ డిపార్ట్‌మెంట్ దగ్గర పేరు రాయించుకోవాలి. నేను చేయించుకున్నప్పుడు మొదటిసారి 12 డాలర్లు, తర్వాత రెన్యువల్‌కి 24. ఆ డబ్బు వెళ్ళేది తప్పిపోయిన విమానాలను వెతికే పనికి. విమానం రిజిస్ట్రేషన్ మళ్ళీ వేరే.

గాలిపటం
ఇదే అన్యాయం అంటాను. లైసెన్స్ ఇచ్చింది ఫెడరల్ గవర్నమెంటు. పరీక్ష పెట్టింది వాళ్ళు, చెక్‌రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష) వాళ్ళది, మెడికల్ వాళ్ళది. గాల్లో రూల్స్ వాళ్ళవి. నడుమ స్టేట్ వచ్చి "నీ పేరు నా పుస్తకంలో కూడా రాయించుకో, డబ్బు కట్టు" అంటే ఏ హక్కుతో? 12 డాలర్లా 1,200 డాలర్లా అని కాదు. ఇవాళ 12, రేపు ఎంతో.

హిల్స్‌బరో_సుధ
మీ బాధ నాకు అర్థమవుతుంది గానీ, క్యాస్కేడ్స్ కొండల్లో నవంబర్ నెలలో విమానం కనిపించకుండా పోతే వెతికేది కౌంటీ షెరిఫ్, స్టేట్ వాళ్ళు, సివిల్ ఎయిర్ పెట్రోల్ వాలంటీర్లు. ఆ చెట్ల కింద తెల్ల రెక్క కనబడాలంటే గంటల తరబడి తక్కువ ఎత్తులో తిరగాలి. నాకు ఆ 24 డాలర్లు కట్టడానికి ఎప్పుడూ మనసు రాకపోవడం అంటూ లేదు.

గాలిపటం
సాయానికి డబ్బు ఇవ్వనని ఎవరన్నారు సుధగారూ. చందా అడగండి, ఇస్తాం. పేరు నమోదు అని చట్టం పెట్టడమే నాకు నచ్చనిది.

ఈగల్_నెస్ట్
మిన్నెసోటా నుంచి. మీరు 15 డాలర్లకే ఇంత గొడవ పడుతున్నారు, మా దగ్గర స్టేట్ రిజిస్ట్రేషన్ విమానం బేస్ ధరను బట్టి. 5 లక్షల డాలర్ల లోపువాటికి 100. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు మెట్లుగా పెరిగి పెద్ద జెట్లకు వేలల్లోకి పోతుంది. సంవత్సరం జూలై 1న మొదలు. ఇంకోటి, ఇన్సూరెన్స్ ఉన్నట్టు రుజువు చూపించాలి. ఎఫ్ఏఏ అయితే మన సొంత విమానానికి ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగదు. మా ఫ్లయింగ్ క్లౌడ్ ఫీల్డ్‌లో కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడే ఆగుతారు. కారుకి తప్పనిసరి, విమానానికి అక్కర్లేదా అని ఆశ్చర్యపోతారు, తర్వాత స్టేట్ ఫారం చూసి ఓహో అంటారు.

ట్రాయ్_శీను
మిషిగన్‌లో తూకం లెక్క. పౌండుకి ఒక సెంటు. మా చెరోకీ విమానానికి పాతిక డాలర్లు కూడా కాదు. కూరగాయల కొట్టులా ఉంటుంది, కాటాలో పెట్టి చెప్తారు.

ప్లేనో_పైలట్
@ట్రాయ్_శీను అన్నా పార్ట్‌నర్ని కూడా కాటాలో పెడతారా. మా పార్ట్‌నర్ సంక్రాంతి తర్వాత ఎక్కితే యూజ్‌ఫుల్ లోడ్ (విమానం మోయగల బరువు) లెక్క మారిపోతుంది 😀

రెక్కల_రవి
చలపతిగారూ, సుధగారూ థాంక్స్. పైలట్ సంగతి తేలిపోయింది. సేల్స్ ట్యాక్స్ ప్రశ్నకే ఇంకా సమాధానం రాలేదు. కొన్నది ఒరెగన్‌లో, డబ్బు ఇచ్చింది ఒరెగన్‌లో, కాగితాల మీద సంతకాలు కూడా అక్కడే.

సీపీఏ_లత
రవిగారూ, ఆ మూడూ నిజమే, కానీ మీ కేసులో లెక్కకు వచ్చేది నాలుగోది: విమానం ఉండేది ఎక్కడ. వాషింగ్టన్‌లో ఉంచి వాడతారు కాబట్టి యూజ్ ట్యాక్స్ కట్టాలి. సేల్స్ ట్యాక్స్ ఎంతో ఇదీ అంతే. స్టేట్ వాటా 6.5 శాతం, దాని మీద లోకల్ వాటా కలిస్తే సియాటిల్ చుట్టుపక్కల పది శాతం దాటుతుంది. వేరే స్టేట్‌లో సేల్స్ ట్యాక్స్ కట్టి ఉంటే అంత మేరకు తగ్గిస్తారు. ఒరెగన్‌లో కట్టింది సున్నా కాబట్టి తగ్గేదీ సున్నానే.

స్టేట్ రిజిస్ట్రేషన్ అంటే 15 డాలర్ల గొడవ అనుకుంటారు చాలామంది. అసలు బరువు దీనిది. రిజిస్ట్రేషన్ ఫారం వెయ్యగానే యూజ్ ట్యాక్స్ కట్టారా అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. విమానం కొనేముందే ఈ పది శాతం పక్కన పెట్టుకోవాలని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను. కొన్నాక వచ్చేవాళ్ళే ఎక్కువ.

రెక్కల_రవి
పది శాతమా! ఆ డబ్బుతో రేడియోలు మార్పిద్దామనుకున్నాను.

గాలిపటం
డెలావేర్‌లో ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పెట్టి దాని పేరు మీద రాయించు. అక్కడ సేల్స్ ట్యాక్స్ లేదు. ఏ ఎయిర్‌పోర్టులో చూసినా సగం జెట్లు డెలావేర్ చిరునామావే.

సీపీఏ_లత
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. డెలావేర్ ఎల్‌ఎల్‌సీలు పెట్టుకోడానికి వేరే కారణాలు ఉంటాయి, ఓనర్ పేరు బయట కనబడకపోవడం, పార్ట్‌నర్ల మధ్య ఒప్పందం సులువు, అలాంటివి. యూజ్ ట్యాక్స్‌కి ఎల్‌ఎల్‌సీ చిరునామా ఎక్కడన్నది కాదు, విమానం రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది ముఖ్యం. అది వాషింగ్టన్ టైడౌన్‌లో తాడు కట్టుకుని పడుకుంటే వాషింగ్టన్ పన్నే. పైగా ఇప్పుడు ఏడీఎస్-బీ (విమానం ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం) వల్ల ఏ విమానం ఎక్కడినుంచి లేచి ఎక్కడ దిగిందో ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు.

చలపతి_సెస్నా
లతమ్మ చెప్పింది అక్షరాలా నిజం. వేరే స్టేట్‌లో రిజిస్టర్ అయిన విమానం, ఓనర్ కూడా వేరే స్టేట్ వాడైతే, 90 రోజుల వరకు ఇక్కడ ఉన్నా వాషింగ్టన్ ఏమీ అనదు. అది చుట్టపు చూపుగా వచ్చేవాళ్ళకు. ఇక్కడ ఇల్లుండి, ఇక్కడ ఉద్యోగం చేస్తూ ఆ 90 రోజుల మాట ఎత్తితే నిలబడదు.

ఫ్రీమాంట్_ఫణి
కాలిఫోర్నియాలో స్టేట్ రిజిస్ట్రేషన్ లేదు అని సంతోషపడకండి ఎవరూ. మా దగ్గర కౌంటీ అసెసర్ ఉంటాడు. జనవరి 1న విమానం ఏ కౌంటీలో ఉందో చూసి ఆ ఏడాదికి దాని విలువ మీద ఆస్తిపన్ను వేస్తాడు, ఒక శాతం పైన. ప్రతి ఏడూ. 90 వేల విమానానికి 900 పైచిలుకు, విమానం ఎగిరినా ఎగరకపోయినా. ఎయిర్‌పోర్టు వాళ్ళ జాబితా కౌంటీకి వెళ్తుంది, అక్కడినుంచి స్టేట్‌మెంట్ నింపమని ఫారం ఇంటికి వస్తుంది. కొన్నప్పుడు సేల్స్ లేదా యూజ్ ట్యాక్స్ అదనం. మీ వాషింగ్టన్ పద్ధతి నయం. ఒకసారి పది శాతం దెబ్బ తగిలినా తర్వాత ఏటా చిన్న మొత్తంతో పోతుంది.

ప్లేనో_పైలట్
మా దగ్గర సొంతానికి వాడుకునే విమానానికి ఆ ఆస్తిపన్ను కూడా ఉండదు. అద్దెకిచ్చి సంపాదిస్తేనే. మళ్ళీ చెప్తున్నా, టెక్సాస్ వచ్చెయ్యండి.

ఫ్రీమాంట్_ఫణి
ఆగస్టు మధ్యాహ్నం ఎండకి గాలి పలచబడ్డాక మీ డెంటన్‌లో నలుగురితో 172 లేపి వీడియో పెట్టు, అప్పుడు ఆలోచిస్తాం.

ప్లేనో_పైలట్
ఆగస్టులో పొద్దున్నే ఆరింటికి లేపుతాం బాబూ. పదయ్యేసరికి ఇడ్లీలు తింటూ ఇంట్లో ఉంటాం.

ఫీనిక్స్_పద్మ
అరిజోనా కూడా రాసుకోండి. ఏటా స్టేట్ రిజిస్ట్రేషన్, ఫీజు 5 డాలర్లే, కానీ దాంతోపాటు లైసెన్స్ ట్యాక్స్ అని సగటు మార్కెట్ విలువలో అర శాతం. పాత విమానాల ధరలు ఈమధ్య పెరిగిపోయాయి కదా, ఆ అర శాతం కూడా పెరిగింది.

హెచ్1బీ_వింగ్స్
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాకు ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది, వీసా హెచ్-1బీ. ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి విమానం కొనాలని మాట్లాడుకుంటున్నాం. ఇద్దరు సిటిజన్లు, ఒకరికి గ్రీన్ కార్డు, నేను. స్టేట్ ఫీజులు, ట్యాక్సులు నలుగురం పంచుకుంటాం. ఏదైనా ఇబ్బందా?

చలపతి_సెస్నా
బాబూ, నీ ఇబ్బంది స్టేట్ దగ్గర కాదు, దానికంటే ముందే ఉంది. హెచ్-1బీ మీద పైలట్ కావచ్చు, ఎగరొచ్చు, అద్దెకు తీసుకోవచ్చు. కానీ ఎఫ్ఏఏ రిజిస్ట్రేషన్‌లో ఓనర్‌గా నీ పేరు రాయడం కుదరదు. వ్యక్తిగా రాయించుకోవాలంటే సిటిజన్ కావాలి లేదా గ్రీన్ కార్డు ఉండాలి. కో-ఓనర్లయినా అంతే, ఒక్క పేరు తేడా వచ్చినా మొత్తం దరఖాస్తు వెనక్కి వస్తుంది.

"ఎల్‌ఎల్‌సీ పెడదాం" అంటారు మీ ఫ్రెండ్స్. అక్కడ ఇంకా చిక్కు. కంపెనీ అమెరికన్ సిటిజన్ కిందికి రావాలంటే ప్రెసిడెంట్ సిటిజన్ అయి ఉండాలి, బోర్డులో, ఆఫీసర్లలో మూడింట రెండొంతులు సిటిజన్లు ఉండాలి, ఓటింగ్ వాటా 75 శాతం సిటిజన్ల చేతిలో ఉండాలి. ఈ లెక్కలో గ్రీన్ కార్డును సిటిజన్‌గా లెక్కపెట్టరు! మీ నలుగురూ తలా పాతిక శాతం పంచుకుంటే సిటిజన్ల వాటా 50 దగ్గరే ఆగిపోతుంది. ఇది చాలామందికి తెలియదు, సొంతంగా కొనుక్కోడానికి పనికొచ్చిన గ్రీన్ కార్డు కంపెనీలో పనికిరాదు.

హెచ్1బీ_వింగ్స్
అయ్యో. మరి నేనేం చేయాలి?

చలపతి_సెస్నా
మూడు దారులు. ఇద్దరు సిటిజన్లు, గ్రీన్ కార్డు ఆయన కో-ఓనర్లుగా కొంటారు, నువ్వు గంటల లెక్కన వాళ్ళకి ఖర్చు ఇస్తావు. అప్పుడు ఇన్సూరెన్స్‌లో నీ పేరు పైలట్‌గా తప్పక ఎక్కించాలి, అది మర్చిపోవద్దు. లేదా మంచి ఫ్లయింగ్ క్లబ్‌లో చేరు. లేదా ఓనర్ ట్రస్టు, అంటే విమానం ట్రస్టు పేరు మీద ఉంచడం, దానికి లాయరు కావాలి, 172కి ఆ ఖర్చు గిట్టదు. నీకైతే క్లబ్బే మేలు. గ్రీన్ కార్డు క్యూ ఎప్పుడు తేలుతుందో మనకెవరికీ తెలియదు, ఈలోగా ఎగరడం మానొద్దు.

హిల్స్‌బరో_సుధ
దీనికి తోడు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మబ్బుల్లో పరికరాలు చూసి ఎగిరే అర్హత) చేద్దామనుకుంటే సిటిజన్ కానివాళ్ళకి టీఎస్ఏ (రవాణా భద్రతా సంస్థ) దగ్గర అనుమతి ముందు కావాలి, గ్రీన్ కార్డు ఉన్నా సరే. ప్రైవేట్ పైలట్ ట్రైనింగ్‌కి ఒకసారి చేశాను కదా అని ఊరుకోవద్దు. మీ ఇన్‌స్ట్రక్టర్‌ని ముందే అడగండి.

బేగంపేట_కుర్రోడు
అన్నలూ, హైదరాబాద్ నుంచి అడుగుతున్న. మాకు ఈ స్టేట్ లొల్లి లేదు కదా? తెలంగాణకు ఒకటి ఆంధ్రకు ఒకటి రిజిస్ట్రేషన్ అని ఎన్నడూ ఇనలే.

టెయిల్‌వీల్_తాత
లేదురా అబ్బాయ్. మనకు అంతా డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్), ఢిల్లీ. వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు దేశం మొత్తానికి ఒకటే, లైసెన్సూ అక్కడే. రాష్ట్రం చెయ్యి పడేది ఇంధనం మీద వ్యాట్ దగ్గర. అమెరికాలో ఒక్కొక్క స్టేట్ ఒక్కొక్క దేశంలా చట్టం చేసుకుంటుంది, అందుకే ఈ తలనొప్పి. అక్కడ ట్రైనింగ్ చేసి వచ్చి ఇక్కడ లైసెన్స్ మార్చుకోవాలంటే ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్ష మళ్ళీ రాయాలి, అది గుర్తుపెట్టుకో.

బేగంపేట_కుర్రోడు
పుస్తకం ముందలనే ఉంది తాతా, రేపటికెల్లి మొదలు.

గాలిపటం
సరే, నా పాత ప్రశ్నకు వస్తాను. వాషింగ్టన్‌లో రవి ఏటా కట్టేది తిరిగి రవికి ఏ రూపంలో వస్తుంది? రోడ్డు పన్నుకి రోడ్డు కనబడుతుంది. దీనికి ఏం కనబడుతుంది?

చలపతి_సెస్నా
ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి కాస్త వివరంగా రాస్తాను.

వాషింగ్టన్ స్టేట్ ఏవియేషన్ వాళ్ళు సొంతంగా 16 ఎయిర్‌పోర్టులు నడుపుతారు. ఎయిర్‌పోర్టు అంటే టవర్, టెర్మినల్ అనుకోవద్దు. చాలావరకు అడవిలో, లోయల్లో గడ్డి రన్‌వేలు. స్టెహీకిన్‌కైతే రోడ్డు మీద కారులో వెళ్ళలేం, పడవ, విమానం, లేదంటే నడక. స్కైకోమిష్ ఒకటి, మెథావ్ వ్యాలీ ఒకటి. కార్చిచ్చు వచ్చినప్పుడు వీటిలో కొన్నిటి అవసరం ఎంతుంటుందో తూర్పు వైపు ఉండేవాళ్ళని అడగండి. తప్పిపోయిన విమానాల కోసం గాలింపు చేయించే బాధ్యత కూడా ఇక్కడ ఈ ఏవియేషన్ వాళ్ళదే.

బందేరా అని ఇంకోటి ఉంది. మీలో చాలామంది దాని పక్కనుంచి వెళ్ళే ఉంటారు. ఐ-90 మీద నార్త్ బెండ్ దాటి స్నోక్వాల్మీ పాస్ వైపు వెళ్తుంటే, చెట్ల వెనక సన్నటి పచ్చిక. శనివారం హైకింగ్‌కి వెళ్ళే మనవాళ్ళకి అది రన్‌వే అని కూడా తెలియదు. నేను ఎల్లెన్స్‌బర్గ్ వెళ్దామని బయల్దేరిన ఒక రోజు, వాతావరణం రిపోర్టు బాగానే ఉంది, తీరా లోయలోకి వెళ్ళేసరికి ముందు కొండల భుజాల మీదికి మబ్బు దిగింది. అలాంటి చోట లోయ మధ్యలో ఎగరకూడదు. ఒక పక్కకి జరిగి, కొండను ఆనుకున్నట్టు ఎగరాలి, వెనక్కి తిరగాల్సి వస్తే లోయ వెడల్పంతా మనకు దొరకాలి కాబట్టి. అలాగే ఎగురుతూ కింద చూస్తే హైవే పక్కన బందేరా. ఇంజిన్ ఏమన్నా అంటే దిగడానికి చోటుంది అని తెలిసినప్పుడు చేతులు వణకవు, తిరగడం నిదానంగా తిరుగుతాం. తిరిగి ఇంటికి వచ్చేశాను. ఆ పచ్చికను కోసేవాళ్ళు, రాళ్ళు ఏరేవాళ్ళు, పక్కన చెట్లు పెరక్కుండా చూసేవాళ్ళు ఉన్నారు. మనం కట్టే ఫీజు, ఇంధనం పన్ను లేకపోతే వాటిని అడిగే నాథుడు ఉండడు. ఒక చిన్న ఎయిర్‌పోర్టు మూతపడితే అక్కడ ఇళ్ళు లేస్తాయి, మళ్ళీ ఎయిర్‌పోర్టు రాదు.

గాలిపటం
బందేరా గురించి చెప్పినందుకు థాంక్స్ సార్. విమానం ఉన్నవాడు రన్‌వేకి డబ్బు ఇవ్వడం నాకు సమ్మతమే. పైలట్ పేరు నమోదు మీద మాత్రం నా మాట మారదు.

హిల్స్‌బరో_సుధ
మారక్కర్లేదు. ఒరెగన్ వస్తే కాఫీ తాగుతూ వాదించుకుందాం.

సీపీఏ_లత
రవిగారూ, ఆలస్యం చేయకండి. రిజిస్ట్రేషన్ గడువు దాటి నెలలు గడిచేకొద్దీ పెనాల్టీ మెట్లు మెట్లుగా పెరుగుతుంది, యూజ్ ట్యాక్స్ మీద వడ్డీ వేరే. బిల్ ఆఫ్ సేల్ కాపీలో "ఒక డాలరు, ఇతర ప్రతిఫలం" అని మాత్రమే రాసి ఉంటే, అసలు ధర చూపించే ఒప్పందం, బ్యాంకు వైర్ కాగితం కూడా జత చేయండి. లేకపోతే విమానం ధర పుస్తకం చూసి వాళ్ళే విలువ కడతారు. మీ విమానం ఇంజిన్ గంటలు ఎక్కువ అయిపోయి ఉంటే ఆ పుస్తకం ధర మీరు కొన్నదానికంటే ఎక్కువ ఉండొచ్చు.

రెక్కల_రవి
మా బిల్ ఆఫ్ సేల్‌లో అచ్చం ఆ ఒక డాలరు మాటే ఉంది! ఒప్పందం విడిగా ఉంది, జత చేస్తాను. ఇంజిన్ ఓవర్‌హాల్‌కి దగ్గర్లోనే ఉంది, ఆ లాగ్‌బుక్ పేజీ కూడా పెట్టనా?

సీపీఏ_లత
పెట్టండి. ఎంత కాగితం ఉంటే అంత మంచిది.

ఈగల్_నెస్ట్
ఒక ఉచిత రిజిస్ట్రేషన్ కూడా ఉంది, ఎవరూ చెప్పలేదు. మీ 172లో 406 ఈఎల్టీ (ప్రమాదం జరిగితే 406 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ పంపే పెట్టె) ఉంటే దాన్ని నోవా (ఫెడరల్ సముద్ర, వాతావరణ సంస్థ) దగ్గర మీ పేరు, ఫోన్ నంబరుతో నమోదు చేయండి. డబ్బు లేదు, రెండేళ్లకోసారి వివరాలు సరిచూసుకోవాలి. విమానం చేతులు మారినప్పుడు ఇది పాత ఓనర్ పేరు మీదే ఉండిపోతుంది, అప్పుడు ప్రమాదం జరిగితే ముందు ఫోన్ ఆ పెద్దాయనకి వెళ్తుంది. పాత 121.5 ఈఎల్టీ అయితే 2009 ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాలు దాన్ని వినడం మానేశాయి, మార్పించడం మేలు.

రెక్కల_రవి
ఇది చాలా ముఖ్యమైన మాట అన్నా, రేపే చూస్తాను. చివరిగా ఒకటి. ఎఫ్ఏఏ నుంచి అసలు సర్టిఫికెట్ ఇంకా రాలేదు, దరఖాస్తు కాపీ మీద ఎగురుతున్నాను. దీంతో వచ్చే వారం విక్టోరియా వెళ్ళి రావచ్చా?

చలపతి_సెస్నా
వద్దు. ఆ తాత్కాలిక కాపీ అమెరికా లోపలే చెల్లుతుంది, దాంతో సరిహద్దు దాటి కెనడా వెళ్ళకూడదు. అసలు కాగితం వచ్చేదాకా సాన్ వాన్ దీవులు తిరుగు, ఫ్రైడే హార్బర్ బాగుంటుంది.